పొడుగు బ్యారెల్ గన్ను కొని ఏడాది వాడాక నా రివ్యూ (10 మీటర్ల ఎయిర్ రైఫిల్, సెకండ్ హ్యాండ్)

మాది నెల్లూరు. ఆటోనగర్‌లో లేత్ షాపు. మా పాపకి పద్నాలుగేళ్లు, రెండేళ్ల నుంచి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. మొదటి ఏడాదంతా షూటింగ్ రేంజి వాళ్ల గన్నుతోనే లాగించాం. అది ముగ్గురు పిల్లలు పంచుకునే గన్ను, ఒకళ్లు బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) సరిచేసుకుంటే ఇంకొకళ్లకు చెడుతుంది. దాంతో సొంతది కొనక తప్పలేదు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి చెన్నైలో ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ జర్మన్ గన్ను తీసుకున్నా. బ్రాండు పేరు, షాపు పేరు రాయట్లేదు. గన్ను మంచిదే, నా గొడవంతా అమ్మినాయన చెప్పిన మాటతో, ఆ మాట నమ్మిన నాతో.

షాపులో ఒకే మోడల్‌వి రెండు పెట్టాడు. ఒకటి పొట్టిది, ఇంకొకటి దానికంటే దాదాపు జానెడు పొడుగు. పొడుగుదానికి నలభై వేలు ఎక్కువ. "బ్యారెల్ లాంగ్ ఉంటే యాక్యురసీ ఎక్కువ సార్, పాప నేషనల్స్‌కి వెళ్లాలంటే ఇదే తీసుకోండి" అన్నాడు. నేషనల్స్ అనేసరికి ఏ తండ్రి మాత్రం పొట్టిది తీసుకుంటాడు? పైగా అప్పటికి రెండు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని అమెరికా వాళ్ల వీడియోలు చూసి ఉన్నా. వాటిల్లో అందరూ 26 అంగుళాలు, 28, 30 అంటున్నారు. పొడుగుదే కట్టించుకుని కార్లో వేసుకుని తడ దాటి వచ్చేశాం.

ఆ వీడియోల్లో తప్పు లేదు, నేను చూడాల్సినవి అవి కావు అంతే. వాళ్లు మాట్లాడేది మిడ్ రేంజ్ పోటీల గురించి, అంటే 300 నుంచి 600 గజాల దూరం. అక్కడ వాడేది మందుగుండు తూటా. .308 లాంటి పెద్ద రైఫిల్ తూటాకి బ్యారెల్‌లో ఒక అంగుళం పెరిగితే సెకనుకి సుమారు 20, 25 అడుగుల వేగం పెరుగుతుంది, ఎందుకంటే గ్యాసు ఇంకా తోస్తూనే ఉంటుంది. 600 గజాలంటే అర కిలోమీటరు పైనే. అంత దూరంలో గాలి తూటాని పక్కకి నెట్టేస్తుంది కాబట్టి వేగం ఎంత ఉంటే అంత మేలు. వెయ్యి గజాల దాకా కొట్టే పాల్మా అనే పోటీ వాళ్లు 30 అంగుళాల బ్యారెళ్లు వాడేది అందుకే. అలాంటి పోటీకి వెళ్లేవాళ్లు 26 కంటే తక్కువ తీసుకోకపోవడమే మంచిది, 30 తీసుకుంటే బరువు, బ్యాలెన్సు చూసుకోవాలి. ఇంతవరకు నాకు అర్థమైంది.

కానీ .22 (50 మీటర్ల పోటీల్లో వాడే చిన్న తూటా) దగ్గరికి వచ్చేసరికే ఈ లెక్క తిరగబడుతుంది. దాంట్లో మందు చిటికెడు. పదహారు అంగుళాల దగ్గరికి వచ్చేసరికి దాని పని దాదాపు అయిపోతుంది, ఆ తర్వాత బ్యారెల్ ఎంత పొడుగున్నా వేగం పెద్దగా పెరగదు, రాపిడికి కొంచెం తగ్గినా తగ్గుతుంది. 50 మీటర్ల గన్నులు పొడుగ్గా ఉండేది సైట్ల (గురి చూసే ముందు, వెనక భాగాల) మధ్య దూరం కోసం, ముందు బరువు కోసం. ఇక మా పాప కొట్టే పది మీటర్ల గన్నులో అసలు మందే లేదు. సిలిండర్‌లో గాలి 200 బార్ వరకు నింపుతాం, రెగ్యులేటర్ దాన్ని కొలిచి కొలిచి వదులుతుంది, అర గ్రాము పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకి 170 మీటర్ల చిల్లర వేగంతో పోతుంది. హాల్లో గాలి ఉండదు, దూరం పది మీటర్లే, ఇంకా వేగం తెచ్చుకుని ఏం చేసుకుంటాం?

అసలు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. అలవాటు కొద్దీ నట్లు విప్పి చూశా (మా ఆవిడ తిట్టింది, రెండున్నర లక్షలు పెట్టి తెచ్చి సాయంత్రానికే విప్పుతావా అని). లోపల గాడులు తీసిన అసలు బ్యారెల్ 42 సెంటీమీటర్లు. మిగతాదంతా బోలు గొట్టం. అల్యూమినియం. పెల్లెట్ దాన్ని తగలను కూడా తగలదు, మధ్యలోంచి వెళ్లిపోతుంది. ఫ్రంట్ సైట్ కూర్చోవడానికి ఒక దిమ్మె, అంతే దాని పని. తర్వాత కనుక్కుంటే పొట్టిదాంట్లో కూడా అదే 42 అట. వాల్తర్ ఎల్‌జీ400, ఫైన్‌వెర్క్‌బావు 800 లాంటి పేరున్న గన్నుల్లో కూడా అసలు బ్యారెల్ ఇంచుమించు అంతే. అంటే నేను నలభై వేలు పెట్టింది ఒక గొట్టానికి. నా షాపులో ఆ గొట్టం తిప్పడానికి గంట పట్టదు.

నిజానికి ఇది నాకు ముందే తట్టాల్సింది. లేత్ మీద రాడ్డు చక్‌లోంచి ఎంత బయటికి వదిలితే అంత వణుకుతుంది, పని నేర్చుకునే కుర్రాడికి కూడా తెలిసిన విషయం. పొడుగు రెండింతలైతే వంగడం ఎనిమిది రెట్లు అవుతుంది. కాబట్టి ఒకే మందం ఉన్న బ్యారెళ్లలో పొట్టిదే గట్టిది. పైగా పెల్లెట్ లోపల ఉన్నంతసేపూ గన్ను కదులుతూనే ఉంటుంది. 42 సెంటీమీటర్లు దాటడానికి మూడు నాలుగు మిల్లీసెకన్లు పడుతుంది. నిజంగానే లోపల 60 సెంటీమీటర్ల బ్యారెల్ పెట్టుంటే ఇంకో ఒకటి రెండు మిల్లీసెకన్లు పిల్ల చేతుల్లో ఆ వణుకు మోయాలి. కంపెనీ వాళ్లు పిచ్చివాళ్లై పొట్టి బ్యారెల్ పెట్టలేదు.

నమ్మకం కుదరక ఒక ఆదివారం రేంజి సార్‌ని అడిగి (మిలిటరీలో చేసి వచ్చిన మనిషి, "నువ్వు ఊరుకోవు కదన్నా" అని నవ్వాడు) గన్నుని వైస్‌లో రబ్బరు పెట్టి బిగించాం. గొట్టంతో ఐదు, గొట్టం తీసేసి ఐదు. కాగితం మీద రెండు చిల్లులు, ఏది దేనిదో గుర్తు పెట్టుకోకపోతే చెప్పలేం. పెల్లెట్ డబ్బా మార్చినప్పుడు మాత్రం తేడా కంటికి కనిపించింది. డబ్బులుంటే నాలుగు రకాల పెల్లెట్లు తెచ్చి మీ బ్యారెల్‌కి ఏది పడుతుందో చూసుకోండి, నా నలభై వేలకి ఎన్ని డబ్బాలు వచ్చేవో తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మరి గొట్టం దండగేనా అంటే అదీ కాదు. సైట్ల మధ్య దూరం లెక్క ఒకటుంది. కన్ను పొరబడి ఫ్రంట్ సైట్ 0.1 మిల్లీమీటరు పక్కకి పెట్టిందనుకోండి. సైట్ల మధ్య 80 సెంటీమీటర్లుంటే పది మీటర్ల దగ్గర అది 1.25 మి.మీ. అవుతుంది, 68 సెంటీమీటర్లే ఉంటే 1.47 అవుతుంది. టార్గెట్‌లో పది నడి చుక్క అర మిల్లీమీటరే, ఒక్కో పాయింటుకి 2.5 మి.మీ. జరుగుతుంది. అంటే ఆ తేడా పాయింట్లో పదో వంతు కూడా లేదు, అయినా 60 షాట్లకి కూడితే ఐదు పాయింట్ల దాకా రావచ్చు. కాగితం మీద పొడుగుదే గెలుస్తుంది. కానీ ఆ లెక్క కన్ను పొరపాటుకే వర్తిస్తుంది. చేతులు వణికి గన్ను మొత్తం కదిలితే సైట్లు ఎంత దూరమున్నా ఒకటే.

మా పాపకి జరిగింది అదే. ఆ పిల్ల బరువు 41 కిలోలు. గొట్టంతో కలిపి గన్ను 4.9 కిలోలు, నిబంధన ప్రకారం 5.5 దాకా ఉండొచ్చు కానీ ఉండొచ్చని ఉంచుకోవాలా? బరువు కంటే కూడా అది ఎక్కడుందన్నది ముఖ్యం. ముందుకి జారిపోయింది. మొదటి ఇరవై షాట్లు బ్రహ్మాండం, గన్ను బండలాగా నిలబడేది, నేను కూడా డీలర్ చెప్పింది నిజమేనేమో అనుకున్నా. నలభై దాటాక ఎడమ చెయ్యి దిగిపోవడం, షాట్లన్నీ ఆరు గంటల వైపు కిందికి జారడం. మూడు నెలలు ఇదే వరస. "నాయనా, గన్ను నన్ను ముందుకు లాక్కుపోతా ఉంది" అంటే ఎక్సర్‌సైజ్ చెయ్యమ్మా అని నేను. సార్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు, వినలేదు.

వినేట్టు చేసింది ఒక మ్యాచ్‌లో ఎక్విప్‌మెంట్ చెక్. గొట్టం చివర పైన వరసగా చిన్న చిల్లులున్నాయి, అందానికేమో అనుకున్నా. బ్యారెల్‌కైనా గొట్టానికైనా చిల్లులుండకూడదని ఇప్పటి రూలు, పాత కాలం గన్నులకి ఉండేవి. వెనక మెకానిజం చివర నుంచి మూతి దాకా మొత్తం 850 మి.మీ. దాటకూడదని ఇంకోటి, అందులో మాత్రం పాసయ్యాం. చిల్లుల దగ్గర ఆపేశారు. పిల్ల ముఖం చూడలేకపోయా. అప్పటికప్పుడు గొట్టం పీకేసి, ఫ్రంట్ సైట్ వెనక్కి బిగించి, మళ్లీ చూపించి, సైట్ సరిచేసుకోవడానికి టైము చాలక టెన్షన్‌తోనే లైన్ మీదికి వెళ్లింది. తీరా చూస్తే చివరి ఇరవై షాట్లు ఏడాదిలో ఎప్పుడూ కొట్టనంత బాగా కొట్టింది! మొదటి పది మాత్రం చెడిపోయాయి, పతకం ఏం రాలేదు.

ఇప్పుడున్నది నేను తిప్పిన గొట్టం. అసలు దానికంటే ఏడు సెంటీమీటర్లు పొట్టి. లోపల బోరు 16 మి.మీ., చిల్లుల్లేవు, డయల్ గేజ్ పెట్టి తిప్పి చూస్తే 0.02 మి.మీ. కూడా ఊగడం లేదు. వెనక బట్ దగ్గర పెట్టడానికి 50 గ్రాముల ఇత్తడి బిళ్లలు నాలుగు చేశా, సార్ చెప్పినప్పుడు ఒకటి తీస్తాం ఒకటి వేస్తాం. పాప పెరిగే కొద్దీ ఇంకో గొట్టం చేస్తా, కొంచెం కొంచెం పొడుగు పెంచుకుంటూ. 60 షాట్ల స్కోరు (ఒక్కో షాటుకి 10.9 దాకా వచ్చే దశాంశాల లెక్కలో) 588 దగ్గర తిరిగేది ఇప్పుడు 600 దాటుతోంది, అదంతా గొట్టం మహిమ అనను, ఆ పిల్ల రోజూ పొద్దున ఐదున్నరకి లేస్తోంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బ్యారెల్ పొడుగు గురించి అడిగే ముందు సిలిండర్ మీద తేదీ చూడండి. కంపెనీ పెట్టిన గడువు, మామూలుగా పదేళ్లు, దాటితే పోటీల్లో ఒప్పుకోరు, నింపడం కూడా ప్రమాదం. నాకిచ్చినదానికి ఎనిమిది నెలలే మిగిలుంది, ఆ మాట డీలర్ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకొకటి మన ఊరి గాలి. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి ఇనుము ఊరుకోదు. చేతి పంపుతో నింపితే ఆ చెమ్మంతా సిలిండర్‌లోకి వెళ్తుంది, ఫిల్టరు ఉన్న పెద్ద సిలిండర్ నుంచి నింపుకోవడమే మేలు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేస్తాం, ఫ్రంట్ సైట్ స్క్రూలకి నెలకోసారి ఒక చుక్క నూనె.

డీలర్ సర్వీసుకి ఐదులో ఒకటి, అది కూడా కాఫీ ఇప్పించినందుకు. గన్నుకి నాలుగు. పిల్లని వెంట తీసుకెళ్లండి, పొజిషన్‌లో నిలబెట్టి పది నిమిషాలు పట్టుకోమనండి, ఏడో నిమిషంలో ఎడమ భుజం చూడండి. షాపువాడు తొందరపెడితే లేచి వచ్చేయండి. పొట్టి గొట్టం, పొడుగు గొట్టం రెండూ మార్చుకునే వీలున్నది దొరికితే అదే తీసుకోండి, కళ్లజోడు పిల్లలకైతే ఆ వీలు ఇంకా అవసరం, వాళ్లకి ఫ్రంట్ సైట్ ఎంత దూరంలో స్పష్టంగా కనిపిస్తుందో కొట్టి చూస్తేగానీ తెలియదు.

చిల్లుల గొట్టం షాపులోనే పడుంది. పోటీకి పనికిరాదు, ఇంట్లో ప్రాక్టీసుకి ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లొచ్చు, ఊరికే ఇస్తా.