క్విజ్ ప్రశ్నలు దిద్దే ఏఐ టూల్: పని బాగా చేస్తుంది, ఓకే బటన్ మాత్రం చూసి నొక్కండి

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త ప్రశ్నలు పుట్టించే టూల్ కాదు. అలాంటివి బోలెడున్నాయి, వాటి ప్రశ్నలు ఎలా ఉంటాయో ఆన్‌లైన్ టెస్టులు పెట్టే వాళ్లందరికీ తెలుసు. ఇది మన దగ్గర ఇప్పటికే ఉన్న ప్రశ్నల్ని దిద్దడానికి. మీ మూడుల్ సైటుకి (ఆన్‌లైన్‌లో పాఠాలు, టెస్టులు పెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది) దీన్ని కలిపి, మీరు వాడే ఏఐ ఏజెంట్‌కి, అంటే చెప్పిన పని తానే చేసిపెట్టే ఏఐకి, మామూలు తెలుగులో పని చెబితే చాలు, అది ప్రశ్నల బ్యాంకులోకి వెళ్లి వెతికి, మార్చి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, మనం ఓకే అంటేనే సేవ్ అవుతుంది. ఏజెంట్‌కీ సైటుకీ మధ్య నడిచేది ఎంసీపీ, ఏఐని బయటి సాఫ్ట్‌వేర్‌తో కలపడానికి 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ వాళ్లు తెచ్చిన పద్ధతి. టూల్ పేరు రాయట్లేదు, కింద కాస్త తిట్టాను మరి.

మాది శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర చిన్న కోచింగ్ సెంటర్. డీఎస్సీ, గ్రూప్-2 ఎక్కువ. ఏళ్ల తరబడి ఒక్కో మాస్టారు ఒక్కోలా టైప్ చేయించిన ప్రశ్నలు గుట్టగా పడి ఉన్నాయి, అందులో సగం డీటీపీ సెంటర్ వాళ్లు 'అను' అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో కొట్టినవి, ఇప్పుడు అన్నిచోట్లా నడిచే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోయి చదవడానికే వీల్లేకుండా ఉన్నవి.

నాకు దీని మీద గురి కుదిరింది 'పైవన్నీ' దగ్గర. మూడుల్‌లో ఆప్షన్లు కలగాపులగం చేసే సెట్టింగ్ ఉంటుంది కదా, పక్కవాడి స్క్రీన్ చూసి కొట్టకుండా అందరం అదే పెడతాం. పెట్టాక 'పైవన్నీ' అనే ఆప్షన్ వెళ్లి మొదటి వరుసలో కూర్చుంటుంది, దాని పైన ప్రశ్న తప్ప ఇంకేమీ ఉండదు. 'ఎ మరియు బి మాత్రమే' ఉన్నవైతే ఇంకా ఘోరం, కీ ప్రకారం కరెక్టే, స్క్రీన్ మీద చూస్తే తప్పు, ఇక కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపులో మొదలుపెడతారు. దీనికి ఒక్క వాక్యం చెప్పాను, ఇలాంటి ఆప్షన్లున్న ప్రశ్నలన్నీ ఏరి వాటికి మాత్రం కలపడం ఆపెయ్ అని. ఏరింది. 'పై రెండూ', 'ఏదీ కాదు', 'అన్నీ సరైనవే' కూడా తనంతట తానే పట్టుకుంది, అవి నేను చెప్పలేదు. ఈ పని చేత్తో చేయాలంటే ఒక్కో ప్రశ్న తెరిచి టిక్కు తీసి సేవ్ కొట్టాలి, ఏ మాస్టారూ ఒప్పుకోడు.

మైనస్ మార్కులు కూడా అంతే. గ్రూప్-2కి తప్పు జవాబుకి మూడో వంతు కోత, మూడుల్‌లో అది మైనస్ 33.33333 శాతంగానే ఉంటుంది, ఫైలులో ఉత్త 33 రాసి ఎక్కిస్తే ఎర్రర్ కొడుతుంది. దీనికి ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు తిట్లు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పటి నుంచి మన పాత జీకే ప్రశ్నలు సగం పాడైపోయాయి, ముఖ్యంగా మన వైపు. పాలకొండ అప్పుడే కొత్తగా పుట్టిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది, రాజాం విజయనగరంలోకి పోయింది, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ ఏ జిల్లా అంటే పాత కీ ఇంకా విజయనగరమే అంటోంది. ఇవన్నీ సరిచెయ్యమంటే చక్కగానే చేసింది, కానీ ఆ ఊపులో చరిత్ర ప్రశ్నల జోలికీ వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు శ్రీకాకుళం జిల్లా నుంచి అందులో కలిసిన తాలూకా ఏది అని ఒక ప్రశ్న, జవాబు పార్వతీపురం. దాన్ని కాస్తా '1979లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన తాలూకా ఏది' అని దిద్ది పెట్టింది! పక్కపక్కన చూపించబట్టి దొరికింది గానీ, 'అన్నీ ఓకే' అనే బటన్ ఒకటుంది, అది చాలా ప్రమాదం, నన్నడిగితే అసలు పెట్టకూడదు. చూపించాం కదా, హిస్టరీ మాస్టారు ఒక్కటే అన్నారు: "ఏటి మాస్టారూ, పుట్టని జిల్లాలో తాలూకా కలిపీసిందేటి?"

ఇంకోటి, భాష బాగుచెయ్యమంటే మరీ బాగుచేసేస్తుంది. 'కింది వాటిలో సరికానిది' అన్న ప్రశ్నని నున్నగా చేస్తూ 'కింది వాటిలో సరైన వాక్యాన్ని గుర్తించండి' అని మార్చింది, కీ మాత్రం పాతదే. అందుకే ఇప్పుడు ప్రతిసారీ 'ప్రశ్న అర్థం, కీ ముట్టుకోవద్దు, అక్షరదోషాలు మాత్రమే' అని రాస్తున్నా, అలా రాస్తే బుద్ధిగా ఉంటుంది. ఊళ్ల పేర్లకి మాత్రం అదీ చాలదు, మెళియాపుట్టిలో 'ళ'ని అక్షరదోషం అనుకుని 'ల' చేసేసింది.

అను నుంచి వచ్చిన చెత్తని బాగుచెయ్యడంలో పదికి ఏడు ఇస్తా. ఒత్తులు, గుణింతాలు బానే కూర్చుతుంది, ఇంటిపేర్ల దగ్గర ఊహిస్తుంది.

ఖర్చు సంగతి చూసుకోండి. టూల్‌కి నెలకి ఇంత అని కట్టడం వేరు, ఏజెంట్ తినే టోకెన్లు (ఏఐ చదివే, రాసే మాటల ముక్కలు, బిల్లు వాటి లెక్కనే) వేరు, అందులోనూ అదే విషయానికి ఇంగ్లీషు కంటే తెలుగుకి టోకెన్లు ఎక్కువ అవుతాయి. బ్యాంకు మొత్తం ఒకేసారి చదివించకుండా ఒక్కో క్యాటగిరీ ఇచ్చి చేయిస్తే బిల్లు అదుపులో ఉంటుంది, తప్పులూ తొందరగా కనబడతాయి.

మూడుల్ 4.0 గానీ ఆ తర్వాతది గానీ ఉంటేనే తీసుకోండి. 4.0 నుంచి ప్రశ్న మార్చినప్పుడల్లా పాత వెర్షన్ అలాగే ఉంటుంది, ఏజెంట్ ఏం చెడగొట్టినా వెనక్కి వెళ్లొచ్చు. అంతకంటే పాతదైతే పని మొదలుపెట్టే ముందు క్యాటగిరీని ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దింపి పెట్టుకోండి. ఫోన్‌లో మాత్రం ప్రయత్నించొద్దు, ఆ పక్కపక్కన చూపించే స్క్రీన్ సగమే కనిపిస్తుంది.