నరాల పరీక్షకు వెళుతున్నారా? గాజులు ఇంట్లో పెట్టి వెళ్ళండి

మొదట గాజుల సంగతి చెబుతాను. విజయవాడ సూర్యారావుపేటలో నరాల పరీక్షలు చేసే ఒక సెంటరుకు ఫోను చేసినప్పుడు నాకు చెప్పినవి రెండే మాటలు. పది గంటలకు రండి, డబ్బు ముందే కట్టాలి. చేతులకు నూనె, క్రీము రాసుకోవద్దని గానీ, గాజులూ ఉంగరాలూ తీసి రమ్మని గానీ ఎవరూ అనలేదు. నేను శుభ్రంగా తలస్నానం చేసి, అలవాటు ప్రకారం చేతులకు కొబ్బరి నూనె రాసుకుని, పెళ్ళినాటి బంగారు గాజులతో వెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళలో అవి చేతి నుంచి దిగిన రోజు లేదు.

సెంటరు పేరు రాయడం లేదు. లోపల పరీక్ష చేసిన అమ్మాయిని మెచ్చుకోవాలి, బయట కౌంటరును తిట్టాలి. ఒకే పేరు కింద రెండూ పెడితే ఆ అమ్మాయికి అన్యాయం జరుగుతుంది.

నేను జాకెట్లు కుట్టే దర్జీని. శ్రావణమాసం ముందు మా కొట్లో నిలబడడానికి చోటు ఉండదు. ఎనిమిది నెలలుగా కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. పగలు ఎలాగో నెట్టుకొచ్చాను. రాత్రి రెండింటికి మెలకువ వస్తే చేయి మంచం కిందకి వేలాడేసి, తడి బట్ట విదిలించినట్లు విదిలిస్తే గానీ ప్రాణం వచ్చేది కాదు. స్కూటీ మీద బెంజి సర్కిల్ దాటేలోపు పట్టు సడలిపోయేది. చివరకు హుక్కులు కుట్టేటప్పుడు సూది జారి పడిపోవడం మొదలైంది. పడిన చప్పుడు ఉండదు కదా, వేళ్ళ మధ్య సూది లేదని కళ్ళతో చూస్తే గానీ నాకు తెలిసేది కాదు.

మెడ ఎముకలు అరిగి ఉంటాయని పక్క కొట్టు ఆవిడ తేల్చేసింది. మందుల షాపు వాళ్ళు బలం బిళ్ళలు ఇచ్చారు. మూడు నెలలు మింగాను. ఆఖరికి ఎముకల డాక్టరు దగ్గరకు వెళితే, రెండు అరచేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందకి వంచి ఒక నిమిషం అలాగే ఉండమన్నారు. నిమిషం నిండకముందే మధ్యవేలు మొద్దుబారింది. చిటికెనవేలికి తిమ్మిరి ఉందా అని అడిగారు. లేదన్నాను. అదే ఆయనకు కావలసిన జవాబు. చిటికెనవేలికి వెళ్ళే నరం వేరట, ఈ దారిలో రాదట. కార్పల్ టనెల్, అంటే మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు అని అనుమానం రాసి, నరాల పరీక్షకు పంపారు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా రాశారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఈ బాధ రావచ్చట. నేను ఎనిమిదేళ్ళుగా థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటున్నాను, ఈ మాట ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

లోపల ఏం జరుగుతోందో డాక్టరు బొమ్మ గీసి చూపించారు. నా భాషలో చెప్పాలంటే, లంగాకు నాడా దూర్చే మడత ఉంటుంది కదా, మణికట్టు దగ్గర అలాంటి ఇరుకు దారి ఒకటి ఉంది. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ. అందులోంచి వేళ్ళను వంచే తొమ్మిది నాడాలు, వాటితో పాటు ఒక్క నరం వెళ్ళాలి. లోపల ఏ కాస్త వాపు వచ్చినా నలిగేది ఆ నరమే.

ఇక కౌంటరు. పది గంటలని చెప్పి పన్నెండుంపావుకు పిలిచారు. ఫోనులో 1,600 రూపాయలన్నారు. అది ఒక చేతికట. రెండు చేతులకు 2,800. బిల్లు చేతికొచ్చేసరికి సూది పరీక్ష కూడా కలిపి 4,300 అయింది. డాక్టరు చీటీలో సూది మాట లేదు. వేలు పెట్టి చూపిస్తే, పొరపాటున పడిందని తీసేశారు. కండ సన్నబడినప్పుడో, మెడ దగ్గర నరం మీద అనుమానం ఉన్నప్పుడో కండలోకి సూది గుచ్చి చూస్తారట. మీ చీటీ మీరు చదువుకోండి. చదవడం రాని పెద్దవాళ్ళు ఎంతమంది ఆ పొరపాటుకు డబ్బు కట్టి ఉంటారో!

లోపలికి వెళ్ళాక కథ మారింది. పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి. గాజులు చూసి నిట్టూర్చింది. "మణికట్టు దగ్గరే కరెంటు పెట్టాలి ఆంటీ, తీయాల్సిందే" అంది. సబ్బు పెట్టినా కుడి గాజు కదలలేదు. అప్పుడు సంచిలోంచి పల్చటి పాలిథిన్ కవరు తీసి నా చేతికి తొడిగి, గాజు కిందుగా లాగి, బొటనవేలి మొదలు లోపలికి నొక్కి ఒక్క జారుడు జారించింది. గాజుల షాపులో ఎక్కించే కిటుకుతోనే దింపేసింది. ఆ తరువాత స్పిరిట్ దూదితో నా కొబ్బరి నూనె అంతా ఓపిగ్గా తుడిచింది.

రెండు గంటలు ఏసీలో కూర్చున్న చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. చర్మం మీద వేడి కొలిచి, "ఇప్పుడే చేయను, చేయి చల్లగా ఉంటే బాగున్న నరం కూడా నెమ్మదిగా నడిచినట్లు కనిపిస్తుంది" అని, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టించింది. బయట ఇంకా ఆరుగురు ఎదురుచూస్తున్నారు. అయినా తొందరపడలేదు. నేను మార్కులు వేసేది ఇక్కడే.

పరీక్ష అరగంట పట్టింది. వేళ్ళకు ఉంగరాల్లాంటి తీగలు, బొటనవేలి మొదట్లో ఒక అతుకు. మణికట్టు మీద, తరువాత మోచేతి మడత దగ్గర చిన్న చిన్న షాకులు. గ్యాస్ లైటరును చర్మానికి ఆనించి నొక్కినట్లు ఉంటుంది. మంట ఉండదు, ఉలికిపాటు ఉంటుంది. నేను కదపకుండానే బొటనవేలు ఎగిరి పడుతుంటే నవ్వొచ్చింది. మోచేతి దగ్గరవి మాత్రం కాస్త గట్టిగానే తగిలాయి. ప్రతిదానికీ ముందు "ఇప్పుడు" అని చెప్పి మరీ ఇచ్చింది. చిటికెనవేలి నరాన్ని కూడా చూసింది, పోల్చుకోవడానికట. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలని గోడ మీద కాగితం ఉంది. అది ఇంగ్లీషులో ఉంది.

రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. కుడి చేతి నరంలో మణికట్టు నుంచి బొటనవేలి కండకు కబురు చేరడానికి 5.8 మిల్లీసెకన్లు పట్టింది. ఆ రిపోర్టులో వేసిన హద్దు 4.2. స్పర్శ వేగం కూడా తగ్గింది. జబ్బు మధ్యస్థంగా ఉందని రాశారు. నాకు తెలియనిది ఎడమ చేయి. ఒక్క రాత్రి కూడా బాధపెట్టని ఆ చేతిలోనూ స్పర్శ నరం నెమ్మదించింది. ఒక చేతికే డబ్బు కట్టి ఉంటే ఇది బయటపడేది కాదు.

డాక్టరు ఆపరేషన్ మాట ఇప్పుడే ఎత్తలేదు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు, తగ్గకపోతే ఇంజెక్షన్ అన్నారు. మందం బట్టకు పెద్ద కత్తెర మానేశాను, కత్తిరింపులు మా కొట్లో పిల్లకు అప్పగించాను. పట్టీ కట్టిన ఆరో రాత్రి తెల్లవారేదాకా నిద్రపోయాను. అర్ధరాత్రి చేయి విదిలింపుల చప్పుడు లేక మా ఆయనకే మెలకువ వచ్చిందట.

పరీక్షకు ఐదుకు ఐదు. కౌంటరుకు ఒకటి, అదీ బిల్లు గొడవ లేకుండా దిద్దినందుకు. ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష ఉంది. ఆ అమ్మాయి డ్యూటీలో ఉండే రోజు ఏదో ఫోను చేసి కనుక్కుని మరీ వెళతాను. గాజులు ఆ రోజు నుంచి బీరువాలోనే ఉన్నాయి. మా అత్తగారు రోజూ నా చేతి వైపు చూస్తున్నారు కానీ, ఇంకా ఏమీ అనలేదు.