గుండెపోటు తరువాత మైక్రో ఆర్‌ఎన్‌ఏ: అందించడం మేలా, అణచడం మేలా?

కణంలో జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులైన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కనుగొన్నందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చినప్పటి నుంచి పాఠకులు నన్ను ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో అడుగుతున్నారు. గుండెపోటుతో దెబ్బతిన్న గుండెకు మేలుచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏను బయటినుంచి అందించడం మంచిదా, కీడుచేసేదాన్ని అణచివేయడం మంచిదా అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారిలో ఇంట్లో ఒకరికి స్టెంట్ వేయించినవారు కూడా ఉన్నారు కాబట్టి, ఈ రెండూ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయనీ, ప్రస్తుతం వాడుతున్న మందులను వీటికోసం ఎవరూ మానకూడదనీ ముందుగానే చెబుతున్నాను.

సమస్యకు రెండు పార్శ్వాలున్నాయి. పెద్ద గుండెపోటులో వంద కోట్ల వరకు కండర కణాలు నశించగలవు, వాటి స్థానంలో కొత్తవి పుట్టడం దాదాపు లేనట్టే. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఆధారంగా స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో వేసిన లెక్క ప్రకారం, 25 ఏళ్ల వయసులో ఏడాదికి ఇంచుమించు 1 శాతం, 75 ఏళ్ల నాటికి 0.45 శాతం కణాలు మాత్రమే కొత్తగా వస్తాయి. ఖాళీని పూడ్చే మచ్చ గోడను నిలబెడుతుందే గాని సంకోచించలేదు. ఆ లోటంతా మిగిలిన కణాల మీద పడడంతో అవి ఉబ్బిపోయి, రక్తాన్ని ఒంటికి పంపే ఎడమ జఠరిక (గుండె కింది గది) సాగి, గుండె క్రమంగా నీరసిస్తుంది. పోయిన కణాలను తిరిగి తేవాలన్న ఆశతో చేసే ప్రయత్నాల్లో ముఖ్యమైనది అందించే పద్ధతి. మిగిలినవాటిని కాపాడుకోవాలన్న ఆలోచన నుంచి వచ్చింది అణచే పద్ధతి.

అందించే పద్ధతిలో అందరూ చెప్పుకునేది ఇటలీలోని ట్రియెస్తెలో మౌరో జాక్కా బృందం చేసిన కృషి. వారు అప్పుడే పుట్టిన ఎలుకల గుండె కణాలపై 875 మానవ మైక్రో ఆర్‌ఎన్‌ఏల కృత్రిమ నకళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, కణ విభజనను బలంగా ప్రేరేపించేవాటిలో మిర్-199ఏ, మిర్-590 (మిర్ అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏకు పొట్టి పేరు) ఉన్నాయని 2012లో ప్రకటించారు. గుండెపోటు కలిగించిన చిట్టెలుకల్లో వీటివల్ల మచ్చ తగ్గి, గుండె పనితీరు మెరుగుపడింది. ఆ తరువాత, మన గుండెకు దగ్గరి పరిమాణమున్న పంది గుండెపై చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. రక్తనాళాన్ని కాసేపు మూసి తెరిచి, మిర్-199ఏను తయారుచేసే జన్యువును మోసుకెళ్లే వైరస్‌ను నేరుగా గుండె కండరంలోకి సూదితో ఎక్కించారు. నెల తిరిగేసరికి మచ్చ బాగా తగ్గింది, సంకోచించే శక్తి పెరిగింది. అయితే ఆ తరువాతి వారాల్లో, చికిత్స పొందిన పందుల్లో ఎక్కువ భాగం గుండె లయ తప్పి హఠాత్తుగా చనిపోయాయి. వాటి కండరంలో పరిణతి చెందని, ఇంకా విభజన చెందుతూనే ఉన్న కణాలు చొచ్చుకుపోయి కనిపించాయి.

నా దృష్టిలో ఈ రెండు పద్ధతుల మధ్య నిర్ణయం చేయవలసింది ఇక్కడే. ఏది ఎక్కువ మచ్చను తగ్గించింది అన్నదానికంటే, మందును ఆపాలనుకున్నప్పుడు ఆపగలమా అన్న ప్రశ్నకే నేను ఎక్కువ విలువనిస్తాను. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఇరవై రెండు అక్షరాల చిన్న పోగే అయినా, ఒకేసారి పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ జన్యువుల సందేశాలపై పట్టు చూపుతుంది. అంతటి పట్టున్నదాన్ని వైరస్ ద్వారా శాశ్వతంగా కణంలో కూర్చోబెడితే, పగ్గాలు వైద్యుడి చేతిలోంచి జారిపోయినట్టే. విభజన చెందే కణం తన సంకోచ యంత్రాంగాన్ని కొంత విప్పుకోక తప్పదు. కొద్ది రోజులైతే అది మరమ్మతు, ఎడతెగకపోతే గుండె లయకే ముప్పు. మిర్-302 సముదాయంపై 2015లో వచ్చిన పరిశోధనలోనూ ఇదే కనిపించింది: ఎడతెగని ప్రేరణ చిట్టెలుకల గుండెను దెబ్బతీసింది, కొద్దికాలం మాత్రమే ఇచ్చిన నకలు మేలు చేసింది.

అలాగైతే వైరస్‌ను విడిచి, కొన్నాళ్లలో తనంతట కరిగిపోయే కృత్రిమ నకళ్లనే వాడవచ్చు కదా అనిపిస్తుంది. అందించే పద్ధతికి మిగిలిన మంచి దారి ఇదేనని నేనూ అనుకుంటున్నాను. జాక్కా బృందమే కొవ్వు కణికల్లో చుట్టిన నకళ్లను చిట్టెలుకల గుండెలోకి ఒక్కసారి ఎక్కించి మంచి ఫలితం చూపింది. చిక్కల్లా చేరవేతలోనే ఉంది. నరం ద్వారా ఇచ్చిన కొవ్వు కణికల్లో పెద్ద వాటా కాలేయానికి పోతుంది, ప్రతి రోగికీ గుండె కండరంలోకి సూది వేయడం తేలిక కాదు. పైగా క్యాన్సర్ రోగులకు మిర్-34ఏ నకలును ఇచ్చిన ప్రయోగాన్ని, రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ప్రతిస్పందించినందున 2016లో ఆపేయవలసి వచ్చింది.

అణచే పద్ధతిలో ముందున్నది మిర్-132ను కట్టడిచేసే మందు. ఒత్తిడికి లోనైన గుండె కణాల్లో మిర్-132 పెరిగి, కణం ఉబ్బకుండా నిలువరించే ఫాక్సో-3 అనే ప్రోటీను తయారీని తగ్గిస్తుంది. దానికి సరిజోడుగా అమరే కృత్రిమ పోగును రక్తంలోకి ఎక్కిస్తే ఆ అడ్డు తొలగుతుంది. జర్మనీలోని హానోవర్‌లో థామస్ థుమ్ బృందం కృషి నుంచి పుట్టిన ఈ మందును గుండె బలహీనత ఉన్న 28 మందిపై పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. 20 మందికి మందు, పోలిక కోసం 8 మందికి మందులేని ఉత్త ద్రవం, 28 రోజుల ఎడంతో రెండు మోతాదులు. భద్రత విషయంలో పెద్ద ఇబ్బంది ఎదురుకాలేదు. గుండె ఒత్తిడిని తెలిపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే ప్రోటీను రక్తంలో తగ్గే సూచన కనిపించినా, అంత తక్కువమందితో సామర్థ్యం తేలదు.

ఈ పద్ధతికి ఉన్న పరిమితినీ చెప్పాలి. చనిపోయిన కణాన్ని మిర్-132 నిరోధకం తిరిగి తేలేదు. అణచవలసింది ఏది అన్నదానిలోనూ తగాదాలున్నాయి. మిర్-21ను అడ్డుకుంటే మచ్చ తగ్గుతుందని 2008లో థుమ్ బృందం చూపగా, 2010లో మరో బృందం చిట్టెలుకల్లో అలాంటి ప్రయోజనం లేదని తేల్చింది.

కణాలు విడుదల చేసే ఎక్సోజోములు అనే అతిచిన్న సంచులను వాడటం, మచ్చ కణాలనే కండర కణాలుగా మార్చడం అనే దారులు కూడా ఉన్నాయి గాని, ఎక్సోజోములో పనిచేస్తున్నది ఏ అణువో విడదీయడం కష్టం, రెండవది మనుషుల వరకు రావడానికి ఇంకా చాలా దూరముంది.

గుండెపోటు వచ్చి నెలలు గడిచి, గుండె సాగుతున్న రోగి విషయంలో నేను అణచే పద్ధతివైపే మొగ్గుతాను, ఎందుకంటే మోతాదు అక్కడ వైద్యుడి చేతిలో ఉంటుంది, తేడా కనిపిస్తే తరువాతిది ఇవ్వడం మానవచ్చు. గుండెపోటు వచ్చిన తొలి రోజుల్లో మాత్రం, కరిగిపోయే నకలుకు స్థానముందని నమ్ముతున్నాను. ఏ పద్ధతిపై కొత్త ఫలితం వచ్చినా, మచ్చ ఎంత తగ్గిందన్న అంకెకన్నా ముందు, మందు కణంలో ఎన్నాళ్లు నిలిచిందో, గుండె లయను ఎన్నాళ్లు గమనించారో వెతికి చూస్తాను. ఆ పందులను నెల రోజులే చూసి వదిలేసి ఉంటే, ఆ ప్రయోగం ఘనవిజయంగానే అచ్చయ్యేది.