తల అప్పగించే ముందు: ఒక ఆసుపత్రి అనుభవం

స్టీల్ ప్లాంట్‌లో పాతికేళ్లు క్రేన్ నడిపిన చెయ్యి ఇప్పుడు టీ గ్లాసు నిలపలేకపోతోంది. తొమ్మిదేళ్లుగా పార్కిన్సన్స్. గాజువాక నుంచి ఆటో కట్టించుకుని, డీబీఎస్ చేసే ఒక ఆసుపత్రికి వెళ్లాం. డీబీఎస్ అంటే మెదడులోకి సన్నని వైర్లు దించి, ఒంట్లో పెట్టిన బ్యాటరీతో కరెంటు ఇచ్చే ఆపరేషన్. పేరు రాయను.

ముందురోజు రాత్రి నుంచే మాత్రలు ఆపి రమ్మన్నారు. పొద్దున్నకి కొయ్యబారిపోయాను, చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టింది. నడిపించి, వేళ్లు తట్టించి మార్కులు వేశారు. రోజూ వేసుకునే పార్కిన్సన్స్ మాత్ర సిండోపా మింగించి, గంటాగి మళ్లీ అదే పరీక్ష. ఈసారి కారిడార్ చివరిదాకా చకచకా నడిచొచ్చాను. కనీసం 30 శాతం తేడా కనిపిస్తేనే ఆపరేషన్ మాట ఎత్తుతారట. "వణుకు సంగతి వేరండీ. మిగతావాటిలో మాత్ర ఏది సర్దుతుందో వైరూ దాన్నే సర్దుతుంది. మాట తడబాటు, తూలిపడటం పోతాయని ఆశ పెట్టుకోకండి" అన్నారు డాక్టరు గారు. ఈ ఒక్క మాటతో ఫీజు గిట్టుబాటైంది.

అల్ట్రాసౌండ్ వైద్యం గురించి నేనే అడిగాను. స్కానింగ్ కాదు, ధ్వని తరంగాలతో మెదడులో చిన్న చోటుని మాడ్చేది. కోత లేదు, బ్యాటరీ లేదు. కానీ మాడ్చిన చోటు మాడినట్టే. డీబీఎస్ అయితే కరెంటు తగ్గించొచ్చు, ఆపేయొచ్చు. నా మొగ్గు అటే.

నచ్చనిది బిల్లింగ్ కౌంటర్. చార్జింగ్ బ్యాటరీకీ మామూలుదానికీ కలిపి ఒకటే అంకె చెప్పారు. మామూలుది మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి కదమ్మా, ఆ ఖర్చో? "తర్వాత చూద్దాం అంకుల్" అంది ఆ పిల్ల. కొటేషన్ కాగితం మీద రాసిస్తేగానీ తల అప్పగించనని చెప్పి వచ్చేశాను.