పెద్ద క్లబ్బులో రెండో టీమా, చిన్న క్లబ్బులో మొదటి టీమా: అమ్మాయి సాకర్‌కు ఏది మేలు?

అమెరికాలో పదేళ్లు దాటిన అమ్మాయి సాకర్ మీద గట్టిగా మనసు పెట్టిందంటే, ట్రైఅవుట్స్ (క్లబ్బుల ఎంపిక పోటీలు) అయ్యాక ఇంట్లో తరచూ ఇదే చర్చ. పేరున్న పెద్ద క్లబ్బు నుంచి ఆఫర్ వస్తుంది, కానీ రెండో టీంకో మూడో టీంకో. అంతగా పేరు వినని చిన్న క్లబ్బు మొదటి టీంలోకే రమ్మంటుంది. జవాబు ఒకటి రెండు రోజుల్లో చెప్పాలి, డిపాజిట్ వెంటనే కట్టాలి. ఆ తొందరలో చాలామంది జాకెట్ మీది బ్యాడ్జి చూసి ఒప్పేసుకుంటారు.

అండర్ 14 లోపు అమ్మాయికి బ్యాడ్జిని అన్నిటికన్నా చివర చూడాలన్నది మా గట్టి అభిప్రాయం. కోచ్ ఎవరు, గేమ్‌లో ఎన్ని నిమిషాలు ఆడుతుంది, ప్రాక్టీసు ఎంత దూరం అన్నవే ముందు. ఈ మూడింట్లో చిన్న క్లబ్బు గెలిస్తే లీగు పేరు కోసం దాన్ని వదులుకోవద్దు.

నిమిషాల లెక్క

అండర్ 11, అండర్ 12లో ఒక్కో వైపు తొమ్మిది మంది ఆడతారు. 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మొత్తం 60 నిమిషాలు. గోల్‌కీపర్‌ను పక్కన పెడితే మైదానంలో ఎనిమిది స్థానాలు, అంటే టీం మొత్తానికి పంచుకోవడానికి 480 నిమిషాలు. రోస్టర్‌లో (టీం జాబితాలో) 16 మంది ఉండి, అందులో ఒకరు పూర్తికాలం కీపర్ అయితే మిగతా 15 మందికి తలా 32 నిమిషాలు. అదే 12 మంది ఉన్న చిన్న క్లబ్బు టీంలో 11 మందికి తలా 43 నిమిషాలు పైనే. ఏడాదికి 20 లీగు గేములనుకుంటే తేడా సుమారు 230 నిమిషాలు, అంటే దాదాపు నాలుగు పూర్తి గేములు.

ఇది కోచ్ సమానంగా పంచితేనే. నచ్చిన ఎనిమిది మందిని 45 నిమిషాల చొప్పున ఆడిస్తే వాళ్లకే 360 అయిపోతాయి. మిగిలిన 120ని ఏడుగురు పంచుకుంటే తలా 17. మీ అమ్మాయి ఆ ఏడుగురిలో ఉంటే శనివారం సగం రోజు ప్రయాణం చేసి ఆడేది ఆ 17 నిమిషాలే. అందుకే ఆఫర్ వచ్చిన వెంటనే అడగాల్సిన మొదటి ప్రశ్న: రోస్టర్‌లో ఎంతమందిని తీసుకుంటున్నారు? రెండోది: ప్రతి అమ్మాయికీ కనీసం ఇంత సమయం అని క్లబ్బుకు రాతపూర్వక నియమం ఉందా? "బాగా ఆడితే ఆడిస్తాం" అంటే నియమం లేదనే అర్థం.

పెద్ద క్లబ్బు పక్షాన న్యాయంగా చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. అమ్మాయి ఎదిగేది గేముల్లో మాత్రమే కాదు, ప్రాక్టీసులో తనకన్నా చురుకైన పిల్లలతో తలపడినప్పుడు కూడా. పెద్ద క్లబ్బు రెండో టీంలో చివరి అమ్మాయి కూడా బంతిని అదుపు చేయగలిగితే ఆట వేగం పెరుగుతుంది, ఆలోచించే వ్యవధి తగ్గుతుంది. చిన్న క్లబ్బు మొదటి టీంలో ముగ్గురే బాగా ఆడి, మిగతావాళ్లు కొత్తవాళ్లైతే, మీ అమ్మాయి గోల్స్ బాగానే కొడుతుంది కానీ ఏడాది చివరికి కొత్తగా నేర్చుకున్నది తక్కువే ఉంటుంది. గేముకు నాలుగేసి గోల్స్ కొడుతుంటే సంబరపడేముందు, అవతలి డిఫెండర్లు ఎలాంటివాళ్లో చూడాలి.

మొదటి, రెండో టీంలు ఒకే రోజు, పక్కపక్క మైదానాల్లో ప్రాక్టీసు చేస్తాయా అన్నది కూడా కనుక్కోండి. చేస్తే కోచ్‌లు పిల్లల్ని అటూ ఇటూ మార్చి చూస్తారు, పైకి వెళ్లే దారి తెరిచి ఉంటుంది. వేర్వేరు రోజులు, వేర్వేరు పార్కులైతే మీ అమ్మాయి ఎలా ఆడుతోందో మొదటి టీం కోచ్ కంట పడే అవకాశమే తక్కువ. పోయిన సీజన్‌లో ఎంతమంది పైటీంకు మారారో అంకె అడగండి. అంకె చెప్పలేకపోతే పైకి వెళ్తుందన్న ఆశతో అక్కడ చేర్చవద్దు.

కోచ్‌ను చూడటం ఎలా

అమెరికా సాకర్ సమాఖ్య అయిన యూఎస్ సాకర్ ఇచ్చే కోచింగ్ లైసెన్సులు గ్రాస్‌రూట్స్ కోర్సులతో మొదలై డి, సి, బి, ఏ మీదుగా ప్రో వరకు వెళ్తాయి. డి లేదా సి ఉంటే శిక్షణ తీసుకున్నారని తెలుస్తుంది. పిల్లలతో ఎలా ఉంటారన్నది మాత్రం మైదానం పక్కన నిలబడితేనే తెలుస్తుంది.

ట్రైఅవుట్ రోజు చూసి నిర్ణయించొద్దు, ఆ రోజు అందరూ బాగానే ఉంటారు. మామూలు ప్రాక్టీసుకు వెళ్లండి. మీ అమ్మాయి స్థాయిలో ఉన్న ఒక పిల్లను ఎంచుకుని, పది నిమిషాలు ఆ అమ్మాయినే గమనించండి. ఎనిమిది మంది వెనక వరుసలో నిలబడి ఒక షాట్ కొట్టి, మళ్లీ వరుస చివరకు వెళ్తోందా? అయితే పది నిమిషాల్లో బంతి తాకింది నాలుగైదుసార్లే. ముగ్గురికి ముగ్గురు, నలుగురికి నలుగురు చొప్పున చిన్న చిన్న ఆటలు నడుస్తుంటే తాకినన్నిసార్లు లెక్కపెట్టడమే కష్టమవుతుంది. 90 నిమిషాల ప్రాక్టీసు విలువ తేలేది ఇక్కడే.

తర్వాత ఒక గేమ్ చూడండి. బంతి వస్తుండగా అమ్మాయిలు భుజం మీదుగా వెనక్కి చూసుకుంటున్నారా, సైడ్‌లైన్ మీదున్న కోచ్ వైపు చూస్తున్నారా? ప్రతి పాస్‌నూ కోచ్ అరిచి చెప్పే టీంలో పిల్లలు ముందు ఆయన వైపే చూస్తారు, ఆ అర సెకనులో డిఫెండర్ వచ్చేస్తుంది. తప్పు పాస్ ఇచ్చిన అమ్మాయిని వెంటనే బయటకు పిలుస్తున్నారంటే, ఆ టీంలో ఎవరూ సాహసించి డ్రిబుల్ చేయరు.

పెద్ద క్లబ్బుల రెండో టీంలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు కూడా ఉంది. ఒకే కోచ్‌కు రెండు మూడు టీంలు అప్పగిస్తారు. ఒకే శనివారం రెండు చోట్ల గేములుంటే ఆయన వెళ్లేది పైటీంకే. ట్రైఅవుట్స్‌లో పరిచయం చేసిన కోచ్ ఆగస్టు నాటికి మారిపోవడం కూడా మామూలే. ఆ టీంకు కోచ్ ఎవరు, గేములు ఢీకొంటే ఎవరు వస్తారు అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.

లీగు పేరు ఎప్పుడు పనికొస్తుంది

అమ్మాయిల సాకర్‌లో ఈసీఎన్‌ఎల్ (ఎలైట్ క్లబ్స్ నేషనల్ లీగ్) 2009లో మొదలైంది. యూఎస్ సాకర్ 2017లో తన గర్ల్స్ డెవలప్‌మెంట్ అకాడమీని తెచ్చి 2020లో మూసేసింది, అదే ఏడాది గర్ల్స్ అకాడమీ లీగు పుట్టింది. డెవలప్‌మెంట్ అకాడమీ ఉన్నన్నాళ్లూ దాని అమ్మాయిలను హైస్కూల్ టీంకు ఆడనిచ్చేది కాదు. ఇప్పుడు ఈసీఎన్‌ఎల్, గర్ల్స్ అకాడమీ రెండు లీగుల్లోనూ హైస్కూల్‌కు ఆడుకోవచ్చు.

ఈసీఎన్‌ఎల్, గర్ల్స్ అకాడమీ లీగు పోటీలు ప్రధానంగా అండర్ 13 నుంచే. పైగా క్లబ్బు ఈసీఎన్‌ఎల్‌దైనా దాని రెండో టీం సాధారణంగా ఆడేది ప్రాంతీయ లీగులోనో రాష్ట్ర లీగులోనో. జాకెట్ ఒకటే, గేములు వేరు. మీకు ఆఫర్ ఇచ్చిన ఆ ఒక్క టీం ఏ లీగులో, ఏ డివిజన్‌లో ఆడుతుందో వెతికి, పోయిన సీజన్ స్కోర్లు చూడండి. సగం గేములు 6-0, 7-0 తేడాతో పోయినా, గెలిచినా అది తనకు సరిపడే డివిజన్ కాదు.

కాలేజీ ఆశతో అండర్ 11 నుంచే పెద్ద లీగు కోసం పరుగెత్తేవాళ్లు ఈ నియమం గుర్తుంచుకోవాలి: కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలో పైస్థాయి అయిన డివిజన్ 1 సాకర్ కోచ్‌లు పదో తరగతి పూర్తయ్యాక జూన్ 15 వరకు అమ్మాయితో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. పదకొండేళ్లప్పుడు ఏ లీగులో ఆడిందని ఎవరూ అడగరు. స్కాలర్‌షిప్ లెక్క కూడా చాలామంది అనుకునేలా ఉండదు. 2025 వరకు డివిజన్ 1లో మహిళల టీం మొత్తానికి 14 పూర్తి స్కాలర్‌షిప్‌లే పరిమితి, వాటినే ముక్కలు చేసి ఎక్కువమందికి పంచేవారు. డివిజన్ 3లో ఆట పేరు మీద స్కాలర్‌షిప్ అసలే లేదు.

అండర్ 15 నుంచి మాత్రం త్రాసు పెద్ద క్లబ్బు వైపు మొగ్గుతుంది. కాలేజీ కోచ్‌లు వచ్చే షోకేస్ టోర్నమెంట్లకు ఎక్కువగా వెళ్లేది ఆ లీగుల మొదటి టీంలే. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి అమ్మాయికి కాలేజీలో ఆడాలన్న పట్టుదల ఇంకా ఉంటే అప్పుడు మారడం సబబు. గోల్‌కీపర్ల సంగతి వేరు: వారానికి ఒకసారైనా విడిగా కీపర్ కోచింగ్ ఉన్న క్లబ్బే మేలు, అది పెద్ద క్లబ్బుల్లోనే ఎక్కువ దొరుకుతుంది. ఇద్దరు కీపర్లున్న టీం అయితే గోల్‌లో లేని సగం సమయం ఎక్కడ ఆడిస్తారో ముందే అడగండి.

వయసు గ్రూపు మారుతోంది

2026-27 సీజన్ నుంచి చాలా లీగుల్లో వయసు లెక్క జనవరి-డిసెంబరు నుంచి ఆగస్టు 1-జులై 31కి మారుతోంది. 2014 సెప్టెంబరులో పుట్టిన అమ్మాయి పాత లెక్కన ఆ సీజన్‌లో అండర్ 13, అంటే పదకొండు మంది ఆడే పెద్ద మైదానం. కొత్త లెక్కన అండర్ 12, ఇంకో ఏడాది తొమ్మిది మంది ఆట. ఇన్నాళ్లూ తన గ్రూపులో చిన్నదిగా ఉన్న అమ్మాయి ఇప్పుడు పెద్దవాళ్లలో ఒకతె అవుతుంది. మార్చిలో పుట్టినవాళ్లకు ఇది తిరగబడుతుంది. కాబట్టి నిరుడు రెండో టీం స్థాయి అన్న అంచనా ఇప్పుడు చెల్లకపోవచ్చు. ఆగస్టు-డిసెంబరు మధ్య పుట్టిన అమ్మాయైతే పెద్ద క్లబ్బు మొదటి టీంకు మళ్లీ ప్రయత్నించడం తప్పేమీ కాదు.

దూరం, డబ్బు

వారానికి మూడు ప్రాక్టీసులు, వెళ్లడానికి 35 నిమిషాలైతే రానుపోను మూడున్నర గంటలు. పది నిమిషాల దూరమైతే గంట. 40 వారాల సీజన్‌లో తేడా వంద గంటలు, హోంవర్క్, నిద్ర, తమ్ముడి క్లాసులు అన్నీ కోతపడేది అందులోనే. కార్‌పూల్ దొరుకుతుందని నమ్మి ఒప్పుకునేముందు, మీ వైపు నుంచి ఆ టీంకు ఎవరు వస్తున్నారో పేర్లతో సహా తెలుసుకోండి.

క్లబ్బు చెప్పే ఫీజు మొత్తం ఖర్చు కాదు. యూనిఫాం కిట్, టోర్నమెంట్ ఫీజులు, కోచ్ ప్రయాణ ఖర్చులో మీ వాటా విడిగా అడుగుతారు. బయటి ఊరి టోర్నమెంట్లలో చాలావాటికి వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలన్న షరతు ఉంటుంది, బంధువుల ఇల్లు పక్కవీధిలో ఉన్నా కుదరదు. ఒప్పందంలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది రీఫండ్ పేరా. సీజన్ మధ్యలో మోకాలు దెబ్బతిన్నా ఏడాది ఫీజంతా కట్టాలని చాలాచోట్ల రాసుంటుంది.

మోకాలి మాట ఊరికే అనలేదు. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంటు చిరగడం అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఎక్కువ, ఎదిగే వయసులో ఆ ప్రమాదం పెరుగుతుంది. దాన్ని తగ్గించే సాధనం తేలికైనదే: ఫిఫా 11+ వార్మప్. ఎనిమిది నిమిషాలు పరుగు కసరత్తులు, పది నిమిషాలు బలం, బ్యాలెన్స్, దూకి దిగడం, చివర రెండు నిమిషాలు వేగంగా పరుగు. 14 ఏళ్ల లోపు పిల్లలకు విడిగా ఒక రకం ఉంది. ప్రాక్టీసు మొదలయ్యే వేళకే వెళ్లి చూడండి. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగుతున్న అమ్మాయిని కోచ్ ఆపి సరిచేస్తున్నారా, లేక మైదానం చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి వదిలేస్తున్నారా? ఈ ఒక్క విషయంలో ఏ క్లబ్బు మెరుగైతే దానికి మేము చాలా మార్కులు వేస్తాం.

ఒక విషయంలో బేరమే లేదు. కోచ్ అమ్మాయికి ఒక్కదానికే మెసేజ్ పెట్టకూడదు. తల్లిదండ్రులో మరో పెద్దవారో అందులో ఉండాలి, ఎవరికీ కనపడని చోట ఒంటరిగా కలవకూడదు. ఇది అమెరికా క్రీడల్లో పిల్లల భద్రత చూసే సేఫ్‌స్పోర్ట్ సంస్థ నియమం. దీన్ని తేలిగ్గా తీసుకునే క్లబ్బు ఎంత పెద్దదైనా వద్దు.

రెండు ఆఫర్లూ నచ్చకపోతే ఉన్న టీంలోనే ఇంకో ఏడాది ఉండటం కూడా ఒక దారే. అండర్ 12 లోపు దీంతో పెద్దగా నష్టం లేదు, ఇంటి పెరట్లో రోజూ గోడకు బంతి కొట్టే అలవాటు ఉంటే మరీను.

సంతకం పెట్టేముందు రెండు క్లబ్బులకూ ఒకే ఈమెయిల్ పంపండి: రోస్టర్ ఎంత, కోచ్ ఎవరు, ఆ టీం ఏ డివిజన్, అన్ని ఖర్చులూ కలిపి ఎంత, ఒక ప్రాక్టీసుకు పాప వచ్చి చూడొచ్చా. గడువు ఇంకో రెండు రోజులు పెంచమనీ అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. డిపాజిట్ మాత్రం ఒక్కచోటే కట్టండి. ప్లేయర్ కార్డు ఒకసారి రిజిస్టర్ అయ్యాక సీజన్ మధ్యలో మారాలంటే సాధారణంగా మొదటి క్లబ్బు రిలీజ్ (వదులుతున్నామన్న అనుమతి) ఇవ్వాలి, బాకీ ఉంటే ఇవ్వకపోవచ్చు.