గాలికొండ వ్యూపాయింట్: నా లెక్కలో 21 మార్కులు

విశాఖ నుంచి అరకు వెళ్లే కార్లన్నీ గాలికొండ దగ్గర కాసేపు ఆగుతాయి. ఒక ఫొటో, ఒక కాఫీ, మళ్లీ ప్రయాణం. అంతకంటే చాలా ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇది. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ప్రకృతి దృశ్యం గీయాలంటే దగ్గరిది, నడిమిది, దూరానిది వేరువేరుగా చూడమని పిల్లలకి చెప్పేవాణ్ణి. ఈ రివ్యూ కూడా అలా చూసి రాస్తున్నదే.

దగ్గరిది బాగోలేదు. రోడ్డు మీదే అడ్డదిడ్డంగా ఆపిన కార్లు, హారన్లు, రెయిలింగ్ అవతల వాలులో కాగితం కప్పులు. చెత్తబుట్ట నిండిపోతే తీసేవాళ్లు కనబడరు. బడ్డీల వాళ్లని మాత్రం ఏమీ అనను, మొక్కజొన్న పొత్తు వేడిగా కాల్చి ఇస్తారు, మాట మర్యాదగా ఉంటుంది. ఈ ఘాట్ రోడ్డు పొడవునా ఉన్న కాఫీ తోటల్లో ఎక్కడైనా ఒక్కసారి దిగి దగ్గరగా చూడండి. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్టు, దాన్ని పట్టుకుని పాకిన మిరియాల తీగ, ఆ నీడలో కాఫీ మొక్క. నవంబరు, డిసెంబరుల్లో ఒకే గుత్తిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పళ్లు కలిసి ఉంటాయి.

దూరానిది తూర్పు కనుమల వరుసలు. ఒకదాని వెనక ఒకటి, వెనక్కి పోయేకొద్దీ నీలం పలచబడుతుంది. అందరూ ఫొటో తీసుకునేది దీన్నే. నాకు మాత్రం ఈ చోటు విలువంతా నడిమి భాగంలో ఉంది. పొద్దున మంచు విడిపోగానే కింద పెంకుటిళ్ల ఊళ్లు, మెట్లుమెట్లుగా వరి మళ్లు, పోడు కొట్టిన వాలు, మళ్లీ అడవి కమ్ముకుంటున్న పాత పోడు కనబడతాయి. వలిసెలు పూసే రోజుల్లో అక్కడక్కడా పసుపు మడి మెరుస్తుంది. గిరిజన రైతులు తరతరాలుగా చేసిన వ్యవసాయమే ఈ నడిమి భాగాన్ని గీసింది.

దృశ్యానికి మార్కులేమిటని అడగొచ్చు. అమెరికాలో ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌కి ఒక పద్ధతి ఉంది. నేల రూపం, చెట్టూచేమా, నీరు, రంగు, చుట్టుపక్కల దృశ్యం, అరుదుతనం, మనిషి చేసిన మార్పులు అని ఏడు అంశాలకి మార్కులు వేస్తారు. 19 దాటినా, సరిగ్గా 19 వచ్చినా ఎ తరగతి, 12 నుంచి 18 దాకా బి, అంతకంటే తక్కువైతే సి. డిసెంబరు ఉదయం గాలికొండకి నేను వేసినవి: చెట్టూచేమకి 5, రంగుకి 5, నేల రూపానికి 3 (కొండలు గుండ్రటివి, నిట్టనిలువు బండలు కావు), చుట్టుపక్కలకి 3, అరుదుతనానికి 3. నీరు కనబడదు కాబట్టి సున్నా. మనిషి చేసిన మార్పులకి గరిష్ఠంగా ఇచ్చేది 2, ఆ మళ్ల కోసం రెండూ ఇచ్చాను. మొత్తం 21. ఎ తరగతే.

ఇప్పుడీ లెక్క ఎందుకంటే, అనంతగిరి మండలం కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. పైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు చవగ్గా దొరికే వేళ నీళ్లు పైకి తోడతారు, గిరాకీ వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. అలాంటిది ఇలాంటి లోయలో పడిందనుకుందాం. నీటికి 3 మార్కులు కలుస్తాయి, నిజమే. కానీ నీటిమట్టం రోజూ పెరిగి తగ్గే చోట గట్టున గడ్డి కూడా నిలవదు, చుట్టూ మట్టి పట్టీ తేలుతుంది. దాంతో పాటు కొండని కోసిన రోడ్లు, తవ్విపోసిన రాళ్ల గుట్టలు, టవర్ల వరుస. మనిషి చేసిన మార్పులు అనే గడి 2 నుంచి మైనస్ 4కి పడిపోతుంది. అక్కడ మైనస్ ఇవ్వగలిగే గడి అదొక్కటే. రంగు 3కి దిగుతుంది. మళ్లీ కూడితే 16, బి తరగతి. నీళ్లు వస్తే అందం పెరుగుతుంది కదా అనేవాళ్లకి నా జవాబు ఈ కూడికే.

ఈ మండలంలో భూమి గురించి పెద్ద తీర్పే వచ్చింది. బొర్రా దగ్గరి గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో (గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం) భూములు ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదంది. దృశ్యం సంగతికొస్తే, ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతి ఎలా ఇవ్వాలో చెప్పే 2006 నోటిఫికేషన్‌లో ఫారం 1ఎ అని ఒకటుంది. మీ కట్టడం వల్ల దృశ్యానికి, ప్రకృతి అందానికి అడ్డం వస్తుందా అని అందులో సూటిగా అడుగుతారు. కానీ ఆ ఫారం భవన నిర్మాణాలకే. లోయని మార్చే ప్రాజెక్టుని అదే ప్రశ్న అడగాలి, ఆ లోయలో ఉండేవాళ్ల ముందు అడగాలి. వాళ్ల పొలం, నీళ్లు, దారి ముందు. మన ఫొటో తర్వాత.

వెళ్లేవాళ్లకి: ఉదయం మంచు తేలిపోయే దాకా ఓపిక పట్టండి, మధ్యాహ్నం వెలుగు చదునుగా ఉంటుంది. కారు మలుపులో ఆపకండి. కప్పు వెనక్కి తెచ్చుకోండి. ఫోన్‌ని జూమ్ చేయకుండా రెయిలింగ్ దగ్గర నిలబడి, కింది ఊళ్లు, మళ్లు పడేలా ఒక్క ఫొటో తీసి తేదీతో దాచండి. ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువులో అక్కడి రైతులు ఇచ్చే అర్జీకి ఆ ఫొటో జతచేయమని ఇవ్వండి.