సీఆర్2032 బిళ్ల బ్యాటరీ: ఫైళ్ల తేదీల జబ్బుకి ఎంతవరకు మందు?

నిన్న సేవ్ చేసిన రొయ్యల మేత లెక్క 2009 జనవరి 1 నాటిదని చూపిస్తోందా? బ్రౌజర్ కూడా ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ బాగోలేదని మొరాయిస్తోందా? భీమవరం, పాలకొల్లు ఇళ్లలోని పాత డెస్క్‌టాపుల్లో ముందు అనుమానించాల్సింది మదర్‌బోర్డు మీది బిళ్లనే. షాపుల్లో సీమాస్ బ్యాటరీ అంటారు. కంప్యూటర్‌కి కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది ఇదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు దీని మీద భారం పడదు. రోజూ గోడ స్విచ్చి కట్టేసే ఇంట్లోనే తొందరగా అయిపోతుంది.

కొనేముందు ఒక పరీక్ష. తేదీ సరిచేసి, ప్లగ్గు పీకి, ఓ గంట ఆగి, మళ్లీ ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయాస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెరలో) చూడండి. తేదీ మళ్లీ వెనక్కి పోతే బిళ్లదే తప్పు. మల్టీమీటరు పెడితే కొత్త బిళ్ల 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.7 కంటే దిగితే మార్చేయడమే. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే మాత్రం బిళ్ల జోలికి పోవద్దు. అది టైమ్ జోన్ తప్పు, లేదా అదే మెషీన్లో విండోస్ పక్కన లినక్స్ ఉండటం వల్ల వచ్చే పేచీ. ఇక పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసిన ఫోటోకి ‘డేట్ క్రియేటెడ్’ ఇవాళ్టిది కనిపించడం అసలు తప్పే కాదు, ‘డేట్ మాడిఫైడ్’ చూసుకోండి.

సీఆర్2032 అనే పేరులోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. సీఆర్2025 అంటగడితే తీసుకోవద్దు, మందం 2.5 మాత్రమే, వదులుగా కూర్చుంటుంది. రీఛార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 అసలే వద్దు, నిండుగా ఉంటే 4.2 వోల్టులు. విడిగా డబ్బాలో పోసి అమ్మేవాటి కంటే అట్టకి సీలు చేసిన పేరున్న కంపెనీదే నయం. వందనోటిస్తే చిల్లర వస్తుంది. పిల్లలకి అందకుండా దాచండి, మింగితే ప్రాణాంతకం.

మార్చేముందు బయాస్ పేజీలన్నీ ఫోన్లో ఫోటో తీసుకోండి, ముఖ్యంగా సాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో బోర్డు ఎలా మాట్లాడాలో చెప్పే సెట్టింగు). బిళ్ల తీయగానే చాలా బోర్డుల్లో అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకి పోతాయి. సాటా మోడ్ మారితే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది, అప్పుడు ఫార్మాట్ కొట్టాలని చెప్పేవాళ్లు బయల్దేరతారు. మోడ్ వెనక్కి మారిస్తే సరిపోతుంది. ప్లగ్గు పీకాక పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, క్లిప్పు పక్కకి నెట్టండి, బిళ్ల పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి క్లిప్పు పచ్చగా చిలుము పట్టి ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, లేకపోతే కొత్త బిళ్లకీ అదే గతి. ల్యాప్‌టాపుల్లో ఇది వైరుతో వస్తుంది, కొన్నింట్లో అసలుండదు.

తర్వాత విండోస్ తేదీ సెట్టింగుల్లో తేదీని చేత్తోనే పెట్టి, అప్పుడు ఇంటర్నెట్ టైముతో సరిచూసే ‘సింక్ నౌ’ నొక్కండి. తేడా 15 గంటలు దాటితే విండోస్ మామూలుగా తనంతట తాను సరిచేయదు.

ఈ బిళ్ల చేయలేనిది ఒకటుంది: ఇప్పటికే తప్పు తేదీ పడ్డ ఫైళ్లు అలాగే ఉంటాయి. టైమ్ జోన్ తప్పయితే తేడా ఒక్కటే కాబట్టి, నిర్‌సాఫ్ట్ వారి ఉచిత బల్క్‌ఫైల్‌ఛేంజర్‌తో అన్నిటికీ ఒకేసారి గంటలు కలపొచ్చు. బిళ్ల అయిపోయిన మెషీన్లో ఆ ఉపాయం పారదు, స్విచ్చి వేసిన ప్రతిసారీ గడియారం మొదటికొచ్చింది కాబట్టి ఒక్కో ఫైలుదీ ఒక్కో తేడా. కెమెరా ఫోటోలైతే లోపల దాగిన తేదీని ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం బయటికి తీస్తుంది. వాట్సాప్ ఫోటోల్లో అదీ ఉండదు, ఫైలు పేరులోని అంకెలే ఆధారం. మేత లెక్కలకైతే షీటులో మీరు రాసుకున్న తేదీయే దిక్కు.